బ్యాంకాక్‌లో ఒక్క శనివారం: అమ్మతో బజార్లు, మాల్స్ ఎలా తిరగాలి?

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 6 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక అమ్మని తీసుకుని థాయ్‌లాండ్ వెళ్తున్నాను. టూర్ వాళ్లతో ఐదు రోజులు. అందులో 24వ తేదీ శనివారం మాత్రం బ్యాంకాక్‌లో రోజంతా మా ఇష్టం. హోటల్ ప్రతూనామ్ దగ్గర.

అమ్మకి తెనాలిలో 22 ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ ఉంది. లేసులు, అస్తరు గుడ్డ, ఫాల్స్, బటన్లు, లట్కన్లు, పూసలు అన్నీ పెడుతుంది. "గుళ్లూ సముద్రం వాళ్లు ఎలాగూ చూపిస్తారు, ఆ ఒక్క రోజు నన్ను అక్కడి బజారుకి తీసుకెళ్లు" అని అడిగింది. విజయవాడ వన్‌టౌన్, హైదరాబాద్ బేగంబజార్, ఒకే ఒక్కసారి సూరత్. సరుకు కోసం ఆవిడ తిరిగిన ఊళ్లు అంతే. నాకేమో ఒక పెద్ద మాల్ కూడా చూడాలని ఉంది.

రెండు ఇబ్బందులు ఉన్నాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. పైగా శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటుంది. మధ్యాహ్నం అన్నం శాకాహారమే, రాత్రికి ఏదైనా ఫలహారం. వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి, ఒక్క రోజులో ఎన్ని చూడొచ్చు?

వరంగల్_వాసి | 6 జనవరి, రాత్రి 10:15

ప్రతూనామ్‌ల ఉంటున్నరంటే మీకు బజారు కాళ్లకిందనే ఉన్నట్టు. ప్లాటినం మాల్ నడిచే దూరం. అన్నీ బట్టల దుకాణాలే, మొత్తం ఏసీ, లిఫ్టులు ఎస్కలేటర్లు ఉంటయి. ఒకే దుకాణంల మూడు తీసుకుంటే టోకు ధర వేస్తరు. మేము నలుగురు దోస్తులం పోయినం, పొద్దున పోతే సాయంత్రం దాకా బయటికి రాలేదు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నరు కాబట్టి అక్కడే సరిపెట్టుకోండి. దూరం పోవుడెందుకు?

కాకినాడ_కాజా | 6 జనవరి, రాత్రి 10:52

వరంగల్ గారూ, ఆవిడ వెతికేది రెడీమేడ్ బట్టలు కాదు కదండీ. లేసులు, బటన్లు. ప్లాటినంలో అవి దొరకవు. ఆవిడ చూడాల్సింది సంపెంగ్ సందు. మ్యాచింగ్ సెంటర్ నడిపే మనిషి బ్యాంకాక్ దాకా వెళ్లి సంపెంగ్ చూడకుండా రావడం అంటే తిరుపతి వెళ్లి కొండ ఎక్కకుండా రావడమే.

చైనాటౌన్‌లో యావరాత్ రోడ్డుకి సమాంతరంగా ఉంటుంది ఆ సందు. ఇద్దరు ఎదురుపడితే భుజాలు తగిలేంత ఇరుకు. రెండు వైపులా రిబ్బన్లు, లేసులు, బటన్లు, పూసలు, జిప్పులు, బొమ్మలు, స్టేషనరీ, చెప్పులు. పడమటి చివరికి వచ్చి కాలవ దాటితే ఫాహురత్. అది మన ఇండియన్ల బట్టల బజారు. నేను 2 సార్లు వెళ్లాను, రెండుసార్లూ టైం చాలలేదు.

సుఖుంవిత్_శ్రీను | 7 జనవరి, ఉదయం 7:05

నేను 9 ఏళ్లుగా బ్యాంకాక్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. కాజా గారు చెప్పింది కరెక్ట్. శనివారం అంటున్నారు కాబట్టి చతుచక్ కూడా వదలకండి, ఆ సంత పూర్తిగా నడిచేది శని, ఆదివారాల్లోనే. సంపెంగ్, ఒక మాల్, చతుచక్ మూడూ ఒకే రోజు కుదురుతాయి, ఎందుకంటే మూడూ మెట్రో నీలం లైను మీదే ఉన్నాయి. టాక్సీలో వెళ్తే ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది.

ప్రతూనామ్ నుంచి రాచప్రారోప్ స్టేషన్‌లో ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కి ఒక్క స్టాప్, మక్కాసన్‌లో దిగండి. అక్కడి నుంచి వంతెన మీదుగా నడిస్తే పెచ్చబురి మెట్రో స్టేషన్. నీలం లైను ఎక్కి వాట్ మంగ్కోన్‌లో దిగితే చైనాటౌన్. సంపెంగ్ చూసుకుంటూ పడమరకి నడిచి ఫాహురత్‌లో తేలండి. అక్కడికి దగ్గరి స్టేషన్ సామ్‌యోట్. మళ్లీ అదే లైనులో సుఖుంవిత్ స్టేషన్‌కి వస్తే టెర్మినల్ 21 మాల్, స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది. ఎండ పూట రెండు గంటలు అక్కడ ఏసీలో కూర్చోండి. ఎండ తగ్గాక మళ్లీ నీలం లైనే ఎక్కి కాంపెంగ్ పెట్‌లో దిగి 2వ నంబర్ దారిలోంచి బయటికి వస్తే నేరుగా చతుచక్ లోపలే ఉంటారు.

స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. "లిఫ్ట్" అని అడిగితే అందరికీ అర్థమవుతుంది. మెట్రోకి టికెట్ క్యూలో నిలబడక్కర్లేదు, విదేశీ వాడకం ఆన్ చేసిన వీసా, మాస్టర్ కార్డు ఏదైనా గేటు దగ్గర తాకిస్తే చాలు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, అది మర్చిపోకండి.

వరంగల్_వాసి | 7 జనవరి, ఉదయం 8:20

శ్రీను అన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషిని ఒక్కరోజుల మూడు చోట్లకు తిప్పుతరా? చతుచక్ అంటే చిన్న సంత కాదు. మేము పోయినప్పుడు మా దోస్తు తప్పిపోతే దొరకవట్టెటందుకు గంట పట్టింది.

సుఖుంవిత్_శ్రీను | 7 జనవరి, ఉదయం 8:48

మీ మాట నిజమే తమ్ముడూ. చతుచక్‌లో 15 వేలకి పైగా దుకాణాలు, 27 విభాగాలు. మొత్తం చూడటం ఎవరి వల్లా కాదు, ఇక్కడే ఉంటున్న నేనూ చూడలేదు. అందుకే సాయంత్రం రెండు గంటలు చాలంటున్నాను. మధ్యలో గడియార స్తంభం ఉంటుంది. తప్పిపోతే అక్కడికే రావాలని ముందే అనుకోండి. చుట్టూ వెడల్పాటి రోడ్డు ఉంది, నడవలేకపోతే ఆ రోడ్డు మీదున్న దుకాణాలు చూసినా సంత రుచి తెలుస్తుంది.

పేరు గురించి ఒక మాట చెప్తాను, మన తెలుగువాళ్లకి నచ్చుతుంది. చతుచక్ అంటే చతుర్ చక్రం. థాయ్ వాళ్లకి 12 ఏళ్లు ఒక చక్రం. రాజు భూమిబల్‌కి 1975లో 48 ఏళ్లు, అంటే నాలుగు చక్రాలు నిండాయని పక్కనున్న పార్కుకి ఆ పేరు పెట్టారు. సంత అంతకు ముందు రాజప్రాసాదం దగ్గర సనం లువాంగ్ మైదానంలో జరిగేది. 1980ల మొదట్లో ఇక్కడికి మార్చాక పార్కు పేరే సంతకీ స్థిరపడింది. ఫాహురత్ కూడా అలాంటిదే. ఐదో రామ రాజు చులాలంకరణ్ కూతురు బహురద మణిమయ చిన్నతనంలోనే చనిపోయింది. ఆ పాప పేరు మీద వేసిన రోడ్డు అది. బోర్డు మీద థాయ్‌లో చూస్తే తెలియదు కానీ పలికితే మన మాటే.

బట్టలకొట్టు_రమణ | 7 జనవరి, మధ్యాహ్నం 1:30

మాది గుంటూరులో రెడీమేడ్ షాపు. ప్రతూనామ్ వైపు సరుకు కోసం చాలాసార్లు వెళ్లాను. అమ్మాయీ, ఒక ముఖ్యమైన విషయం. అమ్మగారు షాపులో అమ్మడానికి సరుకు కొని సూట్‌కేసులో పెట్టుకుని వద్దామనుకుంటే మాత్రం ఆగండి. బ్యాగేజీకి సుంకం మినహాయింపు సొంత వాడకానికీ, కానుకలకీ మాత్రమే. ఒకే లేసు 30 రోల్స్ ఉంటే కస్టమ్స్ వాళ్లకి అది వ్యాపార సరుకే. దానికి ప్రభుత్వం ఇచ్చే దిగుమతి కోడ్ ఉండాలి, బిల్లు ఉండాలి, కార్గోలో రావాలి, సుంకం కట్టాలి. తెలియక ఇరుక్కున్న వాళ్లని చూశాను. శాంపిల్స్ తెచ్చుకోండి, విజిటింగ్ కార్డులు తెచ్చుకోండి. నచ్చితే తర్వాత పద్ధతిగా తెప్పించుకోవచ్చు.

డబ్బు సంగతి. టోకు దుకాణాల్లో నగదే నడుస్తుంది. అక్కడి వాళ్లు ఫోన్‌తో స్కాన్ చేస్తారు కానీ అది వాళ్ల బ్యాంకు ఖాతాలకి. ఏటీఎంలో మన కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 200 బాట్‌కి (బాట్ అంటే అక్కడి డబ్బు) పైనే చార్జీ పడుతుంది. ప్రతూనామ్ చుట్టుపక్కల డబ్బు మార్చే కౌంటర్లు బోలెడు, రేట్లు ఎయిర్‌పోర్ట్ కౌంటర్లకన్నా బాగుంటాయి. పాస్‌పోర్ట్ తప్పకుండా అడుగుతారు.

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 7 జనవరి, రాత్రి 9:10

రమణ గారూ, మీరు చెప్పకపోతే మేము నిజంగానే రోల్స్ కట్టించుకుని వచ్చేవాళ్లం. చాలా థాంక్స్ అండి. అమ్మకి చదివి వినిపించాను. "శాంపిల్స్ చాలు, నేను చూడాల్సింది నాణ్యం" అంది.

భోజనం సంగతి ఎవరైనా చెప్పరా? అదే పెద్ద టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_కాజా | 7 జనవరి, రాత్రి 9:44

ఫాహురత్‌లో ఉత్తరాది శాకాహార భోజనం దొరుకుతుంది, రొట్టె పప్పు కూరలు. అక్కడే బంగారు గుమ్మటంతో పెద్ద గురుద్వారా కనిపిస్తుంది, శ్రీ గురు సింగ్ సభ. తల మీద కొంగు కప్పుకుని వెళ్లి దణ్ణం పెట్టుకోండి. మేము వెళ్లినప్పుడు ఉదయం లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనంలో, కూర్చోబెట్టి ఆప్యాయంగా వడ్డించారు. ఆ అన్నం రుచి నాకింకా గుర్తుంది.

థాయ్ తిండి తినాలనుంటే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు చూడండి. "జే" అని రాసి ఉంటుంది. అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి కూడా వెయ్యరు. ఉత్తినే "వెజిటేరియన్" అంటే ముక్కలు తీసేసి చేప సాస్ మాత్రం పోస్తారు, వాళ్లకి అది ఉప్పు లాంటిది. "మై సై నామ్ ప్లా" అని చెప్పండి. చేప సాస్ వెయ్యొద్దు అని అర్థం.

సుఖుంవిత్_శ్రీను | 7 జనవరి, రాత్రి 10:02

టెర్మినల్ 21 ఐదో అంతస్తులో పియర్ 21 అని ఫుడ్ కోర్టు ఉంది. కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి, మిగిలింది వెనక్కి ఇచ్చేస్తారు. మాల్‌లో ఉన్నా వీధి ధరలే. పళ్ల ముక్కలు, మామిడిపండుతో కొబ్బరిపాల జిగురన్నం అక్కడ దొరుకుతాయి.

ఇంకోటి, థాయ్‌లాండ్ చేరే ముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి తప్పనిసరి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసెయ్యండి.

కరీంనగర్_కవిత | 8 జనవరి, ఉదయం 11:15

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. యావరాత్‌లో బంగారం చవక అంటరు, నిజమేనా అక్కా? ఒక గొలుసు తీసుకోవాలని ఉంది.

బట్టలకొట్టు_రమణ | 8 జనవరి, మధ్యాహ్నం 12:40

కవితమ్మా, ముందు లెక్క అర్థం చేసుకో. అక్కడ బంగారం తూకానికి కూడా "బాట్" అనే అంటారు. నగల్లో ఒక బాట్ అంటే 15.16 గ్రాములు. స్వచ్ఛత 96.5 శాతం, అంటే మన 22 కేరట్ల కన్నా కాస్త ఎక్కువ. ఎర్ర గోడల మీద గొలుసులు వేలాడదీసిన దుకాణాలు వరసగా ఉంటాయి, చూడ్డానికి పండగలా ఉంటుంది. అయితే వారం రోజుల టూర్‌కి వెళ్లొచ్చే వాళ్లకి నగల మినహాయింపు వర్తించదు. అది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే. సుంకం కలిపితే నీకు మిగిలేదేమీ ఉండదు. గొలుసు కరీంనగర్‌లోనే, తెలిసిన షాపులోనే చేయించుకో.

వరంగల్_వాసి | 8 జనవరి, సాయంత్రం 6:30

టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, దాని గురించి నేను ఒకటి చెప్పాలె. మేము ఉన్నప్పుడు ఒకాయన "ఇయ్యాల గుడి బంద్, 50 బాట్‌కి ఊరంతా తిప్పుత" అన్నడు. ఎక్కినం. గుడి తెరిచే ఉన్నది. మమ్మల్ని మాత్రం ఒక రంగురాళ్ల దుకాణానికి, ఒక టైలర్ షాపుకు తీసుకపోయిండు. రెండు గంటలు పోయినయి. రోడ్డు మీద ఎవరన్న తనంతట తానే వచ్చి గుడి బంద్ అన్నా, బజారు బంద్ అన్నా నమ్మకండి. లోపలికి పోయి మీరే చూసుకోండి.

మాల్‌ల కొనేటప్పుడు సైజు కూడా చూస్కోండి. ఫ్రీ సైజ్ అని రాసిన బట్ట మన ఆడవాళ్లకు బిగుతు అయితది. మా అక్క కోసం ఒక మాల్‌ల మూడు టాప్‌లు తీసుకున్న, ఒక్కటి పట్టలే, మార్చి ఇయ్యమంటే ఇయ్యమన్నరు. ముందే అడిగి ఉంటే బాగుండు.

సుఖుంవిత్_శ్రీను | 8 జనవరి, రాత్రి 8:15

మాల్‌లో పెద్ద వస్తువేదైనా కొంటే వ్యాట్ వెనక్కి వస్తుంది. ఆ బోర్డు ఉన్న షాపులో ఒకే రోజు 2,000 బాట్‌కి తగ్గకుండా కొనాలి. అక్కడే పాస్‌పోర్ట్ చూపించి ఫారం రాయించుకోవాలి. వ్యాట్ 7 శాతమే, చేతికి వచ్చేది అంతకన్నా కాస్త తక్కువ. వీధి బజార్లలో ఇది ఉండదు.

పోచంపల్లి_పడుగు | 9 జనవరి, రాత్రి 9:00

అమ్మా, మాది నేత ఇల్లు. నాదొక చిన్న కోరిక. థాయ్‌లాండ్ ఈశాన్యంలో, ఇసాన్ ప్రాంతంలో "మత్‌మీ" అని పట్టు నేస్తారు. మత్ అంటే కట్టడం, మీ అంటే నూలు. మేము చిటికి కట్టి అద్దకం వేసినట్టే వాళ్లూ నూలుకి ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. మా దగ్గర పడుగుకీ పేకకీ, అంటే నిలువు దారాలకీ అడ్డ దారాలకీ, రెండింటికీ కట్టడం ఉంది, వాళ్లు ఎక్కువగా పేకకే కడతారని విన్నాను. ఫొటోలు చూశాను కానీ గుడ్డ ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. ఎక్కడైనా కనబడితే తిరగేసి వెనక వైపు ఫొటో తీసి పెట్టగలవా? అచ్చు వేసిందైతే వెనక రంగు పల్చగా ఉంటుంది. కట్టి నేసిందైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి.

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 9 జనవరి, రాత్రి 9:35

తప్పకుండా అండీ. అమ్మ వింటూనే "ఆయన చెప్పినట్టు చూసి తెద్దాం" అంది.

కాకినాడ_కాజా | 10 జనవరి, ఉదయం 6:50

మాల్ విషయంలో మాత్రం నాది వేరే మాట. టెర్మినల్ 21 బాగుంటుంది, కాదనను. ఒక్కో అంతస్తు ఒక్కో ఊరిలా కట్టారు, టోక్యో, లండన్, ఇస్తాంబుల్ అంటూ. కానీ నది ఒడ్డున ఐకాన్‌సియామ్ ఉంది, 2018లో తెరిచారు. కింది అంతస్తులో సుక్‌సియామ్ అని థాయ్‌లాండ్ 77 రాష్ట్రాల తిండీ చేతిపనులూ ఒకే చోట పెట్టారు. లోపలే కాలవ, పడవలో అమ్మకాలు. సాథోర్న్ రేవు నుంచి పడవ వేస్తారు. అమ్మగారికి ఆ పడవ ప్రయాణమే ఒక పండగ.

సుఖుంవిత్_శ్రీను | 10 జనవరి, ఉదయం 8:10

కాజా గారూ, ఐకాన్‌సియామ్ గొప్పదే, కానీ నీలం లైను మీద లేదు. రైలు మారాలి, రేవు దాకా నడవాలి, పడవ కోసం నిలబడాలి. ఆ మోకాళ్లతో చతుచక్ అయినా వదులుకోవాలి, ఐకాన్‌సియామ్ అయినా వదులుకోవాలి.

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 10 జనవరి, రాత్రి 9:20

అమ్మనే అడిగాను. "నీటి మీద పడవలు మన కృష్ణలోనూ ఉన్నాయి, సంత చూద్దాం" అంది. శ్రీను గారి దారే పట్టుకుంటున్నాం. కాజా గారు ఏమీ అనుకోకండి, సంపెంగ్ మాత్రం మీ మాట మీదే.

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 29 జనవరి, రాత్రి 8:30

క్షేమంగా తిరిగొచ్చాం. మీ అందరి వల్లే ఆ శనివారం అంత బాగా జరిగింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

పొద్దున 8 కల్లా బయల్దేరాం. వాట్ మంగ్కోన్ స్టేషన్ చూసి అమ్మ అక్కడే ఆగిపోయింది, పైకప్పు మీద డ్రాగన్, ఎరుపూ బంగారు రంగూ. పైకి వచ్చి అడుగుతూ అడుగుతూ సంపెంగ్ చేరాం. 9 దాటింది, షట్టర్లు ఇంకా లేస్తున్నాయి. ఆ ఇరుకు సందులోనే బైకులు, సరుకు తోపుడు బళ్లు. వెనకనుంచి ఒక అరుపు వినిపిస్తే అందరూ గోడకి అతుక్కుంటారు, బండి వెళ్లిపోయాక మళ్లీ నడుస్తారు. విసుక్కునే వాళ్లే కనబడలేదు.

లేసుల దుకాణం ముందు అమ్మ నిలబడిన తీరు మీకు చెప్పాలి. నేల నుంచి కప్పు దాకా రోల్స్. అమ్మ ఏమీ అడగలేదు. ఒక రోల్ కొస పట్టుకుని రెండు వేళ్ల మధ్య సాగదీసింది. అంచు దారం లాగి చూసింది. తర్వాత బ్యాగులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, సీసాలో నీళ్లతో తడిపి, ఎర్ర లేసు మీద గట్టిగా రుద్దింది. రంగు దిగుతుందేమో అని. మా షాపులో కొత్త సరుకు వస్తే రోజూ చేసే పనే అది. పరాయి దేశంలో దుకాణం వాళ్లు ఏమంటారో అని నాకు కంగారు. కౌంటర్లో ఉన్నావిడది అమ్మ వయసే. చూస్తూ ఉండి, చివరికి నవ్వింది. ఆ రోల్ పక్కన పెట్టేసి లోపలికి వెళ్లి వేరే రెండు రోల్స్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ వాటినీ రుద్దింది. రుమాలుకి ఏమీ అంటలేదు.

ఇక ఇద్దరికీ నా అవసరం లేకపోయింది. ఆవిడ క్యాలిక్యులేటర్ మీద నొక్కేది, అమ్మ వేళ్లతో చెప్పేది. డజనుని అక్కడ "లో" అంటారని అమ్మ ఐదు నిమిషాల్లో పట్టేసింది. గజాన్ని "లా" అంటారు. ఒకటి తీసుకుంటే ఒక ధర, మూడు తీసుకుంటే ఒకటి, డజనుకి ఇంకొకటి. డజనులో అన్నీ ఒకే రంగు తీసుకోవాలా, రంగులు కలపొచ్చా అన్నది అమ్మ ప్రశ్న. నాలుగు రంగుల బటన్లు చూపించి చేతులతో కలిపినట్టు సైగ చేసింది. ఆవిడ తల ఊపింది. ఆ ధరకి అమ్మ ఇంక బేరం ఆడలేదు. బయటికి వచ్చాక ఎందుకు ఆడలేదని అడిగితే, "ఆ సరుకుకి అది సరైన రేటే. అంతకన్నా తగ్గించమంటే ఆమెకేం మిగులుతుంది" అంది.

కొన్నవి తక్కువే. పన్నెండు రకాల లేసులు గజం గజం చొప్పున, బటన్లు నాలుగు డజన్లు, పూసల కుచ్చులు కొన్ని. ప్రతి దుకాణంలోనూ కార్డు తీసుకుని, వెనక ఆ లేసు ముక్క పిన్ను పెట్టింది. రమణ గారూ, దిగుమతి కోడ్ గురించి వివరంగా మిమ్మల్ని అడగమంది.

ఫాహురత్‌కి 12 అయింది. పేరుకి ఇండియన్ బజారైనా థాయ్ నాట్యాల కిరీటాలు, జరీ దుస్తులు కూడా అక్కడే అమ్ముతున్నారు. అమ్మ ఆ జరీ పనిని చాలాసేపు చూసింది. గురుద్వారాలో దణ్ణం పెట్టుకుని పక్కనే రొట్టె, పప్పు, అన్నం తిన్నాం.

టెర్మినల్ 21 గురించి తక్కువే రాస్తాను. చాలా శుభ్రంగా, అందంగా ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో అంతస్తులో ఎర్ర వంతెన దగ్గర ఫొటోలు తీసుకున్నాం. అమ్మ బెంచీ మీద గంట సేపు కాళ్లు చాపుకుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఒక షాపులో 1,490 బాట్ టాప్ చూసి అమ్మ లోపలి కుట్టు తిరగేసింది. చేతుల చివర కుట్టిన లేసు, పొద్దున సంపెంగ్‌లో ముక్క తీసుకున్నదే! కార్డుకి పిన్ను పెట్టిన ముక్క పక్కన పెట్టి చూశాం, అదే పువ్వు, అదే అల్లిక. నాకు ఆ రోజంతటిలో మాల్ నిజంగా నచ్చిన క్షణం అదే. పొద్దున రోల్‌గా చూసిన వస్తువు మధ్యాహ్నానికి బట్టయి కనిపించింది.

చతుచక్‌కి 4 అయింది. శ్రీను గారు చెప్పినట్టు 2వ దారిలోంచి బయటికి రాగానే సంతే. ముందే గడియార స్తంభం చూపించి అమ్మకి గుర్తు చెప్పాను. ఏనుగు బొమ్మల ప్యాంట్లు, చెక్క గిన్నెలు, పింగాణీ. కొబ్బరి ఐస్‌క్రీమ్ పైన వేరుశనగలు వేసి ఇచ్చారు, అమ్మకి అదే ఆ రాత్రి ఫలహారం అయిపోయింది. సరిగ్గా 6 గంటలకి మైకులో వాళ్ల జాతీయ గీతం వచ్చింది. అంత సంత ఒక్కసారిగా ఆగిపోయింది. బేరాలాడుతున్న వాళ్లు, చిల్లర లెక్కపెడుతున్న వాళ్లు, నడుస్తున్న వాళ్లు ఎక్కడి వాళ్లక్కడ నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. గీతం అయిపోగానే చిల్లర లెక్క ఆగిన చోటే మొదలైంది. రోజూ ఉదయం 8కీ సాయంత్రం 6కీ ఇలాగే అట.

పోచంపల్లి గారూ, మత్‌మీ దొరికింది. ఒక పెద్దావిడ నాలుగే గుడ్డలు పెట్టుకుని కూర్చుంది. తిరగేసి చూశాం, రెండు వైపులా ఒకటే. ఫొటోలు పెడుతున్నాను.

వరంగల్_వాసి | 29 జనవరి, రాత్రి 9:05

అక్కా, దిల్ ఖుష్ అయింది. ప్లాటినంలనే ఉండుమన్నందుకు నాకే మంచిగ అనిపిస్తలేదు. అమ్మగారి మోకాళ్లు ఎట్లున్నయి?

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 29 జనవరి, రాత్రి 9:20

మర్నాడు వాచాయి తమ్ముడూ, ఇప్పుడు తగ్గాయి. మీరు ముందే హెచ్చరించబట్టే మధ్యాహ్నం ఎక్కువసేపు కూర్చున్నాం. చతుచక్‌లో కూడా మూడు సందులకి మించి వెళ్లలేదు.

బట్టలకొట్టు_రమణ | 30 జనవరి, ఉదయం 10:00

అమ్మాయీ, తడి రుమాలు చదివి మా నాన్న గుర్తొచ్చారు. ఆయనా అంతే, రుద్దకుండా గుడ్డ తాను కొనేవారు కాదు. దిగుమతి కోడ్ ఆన్‌లైన్‌లోనే వస్తుంది, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండాలి. ఆదివారం ఫోన్ చెయ్యండి, మెసేజ్‌లో నంబర్ ఇస్తాను. చిన్న షాపులు నాలుగు కలిసి తెప్పించుకుంటే కార్గో ఖర్చు తగ్గుతుంది. తెనాలి, గుంటూరు ఎంత దూరం కనక.

పోచంపల్లి_పడుగు | 30 జనవరి, రాత్రి 9:30

ఫొటోలు పది సార్లు పెద్దవి చేసి చూశాను తల్లీ. పేక కట్టే. మూడో ఫొటోలో వజ్రం ఆకారం పక్కన రంగు అర అంగుళం జరిగింది చూశారా, ముడి వదులైన చోట అలా పాకుతుంది. మా ఇంట్లోనూ అంతే, అలా పాకితే మా అమ్మ వేళ్లు గిల్లేది. రంగు మాత్రం ఫొటోలో తెలియడం లేదు, నీలమా, నలుపా?

మ్యాచింగ్‌సెంటర్_అమ్మాయి | 30 జనవరి, రాత్రి 9:48

పగలు చూస్తే నీలం, లైటు కింద నలుపులా ఉందండీ. అమ్మ అంటోంది, ఫొటో చూసి ఎలా చెప్తారు, గుడ్డ చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది అని. మేము కొన్న గుడ్డని రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాం. మీ దగ్గర ఎన్నాళ్లైనా ఉంచుకోండి. చూశాక అలాంటి కట్టుతో జాకెట్టు ముక్క నేయగలరేమో అడగమంది, మా లేసుకి సరిపోయేలా.

పోచంపల్లి_పడుగు | 30 జనవరి, రాత్రి 10:02

పంపండి తల్లీ. లేసు ముక్క కూడా ఒకటి అందులోనే పెట్టండి, రంగు చూసుకుని నూలు అద్దుతాను.